అను ఫాంట్లలో ఉన్న 140 వ్యాసాలు వెబ్‌సైట్‌కి ఎక్కించాలి: కన్వర్షన్ తప్పులు, తెగుతున్న వత్తులు, అలుక్కుపోతున్న బోల్డ్

చిన్నబండి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఐదుగురం పనిచేసే క్రియేటివ్ ఏజెన్సీ, విజయవాడ. బ్రోషర్లు, లోగోలు, ఇంగ్లీషు సైట్లు చేస్తుంటాం. ఇప్పుడు ఒక సాహిత్య ట్రస్టు సైటు చేతిలో ఉంది. మొత్తం తెలుగే. వర్డ్‌ప్రెస్‌లో సొంత థీమ్ రాస్తున్నాం.

సరుకు: 140 వ్యాసాలు, ఒక్కోటి సుమారు 1,200 పదాలు. ఎక్కువ భాగం పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లు. కొన్ని ఇన్‌డిజైన్. పాతిక వ్యాసాల దాకా పీడీఎఫ్ తప్ప ఏమీ లేదు. పాత వ్యాసాల్లో అరసున్నలు, బండి ఱలు, వలపలగిలకలు ("ర్" బదులు తర్వాతి హల్లు పక్కన వేసే గుర్తు) కూడా ఉన్నాయి.

ఎక్కడ ఇరుక్కున్నామంటే:

1. ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేస్తే ముప్పాతిక మువ్వీసం బాగానే వస్తోంది. మిగిలిన వీసంలో చుక్కల సున్నాలు (చుక్కలతో గీసిన ఖాళీ వలయాలు), అతుకు తప్పిన వత్తులు. మధ్యలో ఉన్న ఇంగ్లీషు పేర్లు, ఫోన్ నంబర్లు గజిబిజి తెలుగుగా మారిపోతున్నాయి.
2. హోమ్‌పేజీలో పెద్ద శీర్షికకి రంగుల గ్రేడియంట్ వేశాం. కింద వత్తులు మాయం.
3. బాడీకి మండలి ఫాంట్ పెట్టాం. బోల్డ్ చేసిన చోట అక్షరాల పొట్టలు పూడుకుపోయి మరకల్లా కనిపిస్తున్నాయి.
4. వ్యాసం లింకు వాట్సాప్‌లో పంపితే మూడు వరుసల శాతం గుర్తులు. పైగా కొన్ని లింకులు పదం మధ్యలో ఆగిపోతున్నాయి.
5. మా డిజైనర్ మాకప్ అంతా అను ఫాంట్‌తో చేశాడు. క్లయింట్‌కి అది నచ్చింది. "అచ్చం ఇలాగే" కావాలంటున్నారు.

---

గుణింతం

మొదటి దాని గురించి రాస్తాను. మీ పనిలో సగం బరువు అక్కడే ఉంది.

అను ఫాంట్‌లో ఉన్నది మనం చూసే తెలుగే గానీ కంప్యూటర్‌కి అది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల, కామాల, కోట్ గుర్తుల గదుల్లో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు ముక్కల్ని కూర్చోబెట్టారు. ఆ ముక్కల్ని కంటికి కనిపించే వరసలో పేరిస్తే అక్షరం అవుతుంది. యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే ప్రమాణం) వరస వేరు. "క్కి" అనడానికి క, పొల్లు, క, ఆ తర్వాత గుడి రావాలి. పాత ఫాంట్‌లో ముందు "కి", దాని కింద క వత్తు. అంటే కన్వర్టర్ అక్షరాలు మార్చడమే కాదు, వరస కూడా తిప్పాలి. అది తిప్పలేకపోయిన చోటే మీకు చుక్కల సున్నా కనిపిస్తుంది.

ముందు ఫైల్లోంచి టెక్స్ట్ ఎలా తీస్తున్నారో చూసుకోండి. పేజ్‌మేకర్‌లో కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేసి అక్కడే దిద్దారంటే సగం చెడినట్టే. టైపు చేసేటప్పుడు వర్డ్ మామూలు కోట్ గుర్తుల్ని వంకీల కోట్లుగా మారుస్తుంది, వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేస్తుంది. అక్కడ ఉన్నది కోటు కాదు, వత్తు ముక్క. అలా మారినదాన్ని ఏ కన్వర్టరూ వెనక్కి తేలేదు. ఆటోకరెక్ట్ మొత్తం ఆపేయండి, లేదా పేజ్‌మేకర్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేసి ఆర్‌టీఎఫ్ తీయండి. ఆర్‌టీఎఫ్‌లో ఏ ముక్క ఏ ఫాంట్‌లో ఉందో సమాచారం నిలిచి ఉంటుంది. ఇంగ్లీషు గజిబిజికి మందు అదే. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ఫాంట్ పేరుతో వెతికి, అను కాని ప్రతి ముక్కకీ ముందూ వెనకా ఒక గుర్తు పెట్టండి. కన్వర్షన్‌కి ముందు చిన్న స్క్రిప్ట్‌తో ఆ గుర్తుల మధ్య ఉన్నదాన్ని బయటికి తీసి దాచి, అయ్యాక తిరిగి అక్కడ పెట్టాలి. ఫోన్ నంబర్లు అను ఫాంట్‌లోనే కొట్టి ఉంటే వాటిని చేత్తో చూసుకోవడం తప్పదు.

పేజ్‌మేకర్ ఉన్న పాత కంప్యూటర్ దొరక్కపోతే ఇన్‌డిజైన్ సీఎస్6తో తెరవొచ్చు. ఆ తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవవు. కన్వర్టర్‌లో అను 6, అను 7 అని వేరువేరుగా ఉంటే రెండింటితోనూ ఒకే పేరా మార్చి చూడండి. ఏది సరో పది సెకన్లలో తెలిసిపోతుంది.

కన్వర్ట్ అయ్యాక ప్రూఫ్‌కి ఇచ్చేముందు యంత్రమే పట్టుకోగల తప్పులు ఇవి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (నమూనా ఇచ్చి టెక్స్ట్‌లో వెతికే పద్ధతి) వచ్చిన వాళ్లు ఎవరైనా ఒక పూటలో రాసేస్తారు.

గుణింతపు గుర్తు వెంటనే పొల్లు. అంటే యూనికోడ్ పట్టికలో 0సి3ఇ (0C3E) నుంచి 0సి4సి (0C4C) లోపు ఏదైనా, దాని పక్కనే 0సి4డి. సరైన తెలుగులో ఈ జంట ఉండదు. "ఎక్కిన" బదులు "ఎకి్కన" వచ్చిందంటే ఇదే. గుర్తుని, వత్తుని తారుమారు చేస్తే సరిపోతుంది.

రెండు గుణింతపు గుర్తులు పక్కపక్కన. ఇందులో ఒక చిక్కు ఉంది. ఐత్వాన్ని 0సి48 అనే ఒక్క కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం 0సి46, దాని వెనక 0సి56 కలిపీ రాయొచ్చు. చూడ్డానికి ఒకటే. వెతికితే మాత్రం ఒకటి దొరికి ఇంకొకటి దొరకదు. ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరపు వేరువేరు కోడ్ వరసల్ని ఒకే తీరుకి తేవడం) చేస్తే ఈ రెండూ ఒకటవుతాయి. కానీ కొన్ని కన్వర్టర్లు ఎత్వం మీద పూర్తి ఐత్వం, అంటే 0సి46 పక్కన 0సి48 పెడతాయి. దాన్ని నార్మలైజేషన్ సరిచేయదు. ఎత్వాన్ని మీరే తీసేయాలి.

సున్న బదులు అంకె. "పండు" అని కనిపిస్తుంది, లోపల ప, 0, డు. తెలుగు అక్షరం పక్కన వచ్చే ప్రతి 0ని వెతకండి. ఎడమ పక్క అంకె ఉంటే వదిలేయండి, "100లు" లాంటివి చెడిపోతాయి. ఇదే కోవలో విసర్గ బదులు కోలన్: "దు:ఖం", "పున:ప్రచురణ". కోలన్‌కి రెండు పక్కలా ఖాళీ లేకుండా తెలుగు అక్షరాలుంటే అది విసర్గే.

వలపలగిలక. పాత అచ్చులో "ధర్మం" అనేదాన్ని మ పక్కన గిలక పెట్టి వేసేవారు. కన్వర్టర్లు దాన్ని ఏదో చిహ్నంగానో, తెలుగు తొమ్మిది అంకె "౯"గానో వదిలేస్తాయి. "ధమ౯ం" అని ఉంటే ఆ గిలకని తీసి, దాని ముందున్న హల్లుకి ముందు "ర్" పెట్టాలి. హల్లుకి గుణింతం ఉంటే అది హల్లుతోనే ఉండాలి: "కీతి౯" అంటే "కీర్తి". నకారపొల్లుకి (పాత అచ్చులో "న్" బదులు వేసే గుర్తు) 2021లో యూనికోడ్ 14లో 0సి5డి అని సొంత గది వచ్చింది గానీ చాలా ఫాంట్లలో ఆ బొమ్మ లేదు. పాఠకుడికి పెట్టె కనిపించేకంటే మామూలు "న్" మేలు. అరసున్న 0సి01. కొన్ని కన్వర్టర్లు దాన్ని చప్పుడు చేయకుండా మింగేస్తాయి కాబట్టి మూలంలో అరసున్నలున్న ఒక పేరా తీసుకుని లెక్కపెట్టి చూడండి.

పీడీఎఫ్ మాత్రమే ఉన్న పాతిక: ముందు కాపీ చేసి చూడండి. ఇంగ్లీషు గజిబిజి వస్తే అది అను కోడే, కన్వర్టర్‌కి పెట్టొచ్చు. పెట్టెలో ప్రశ్నార్థకాలో వస్తే ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్) తప్ప దారి లేదు. పేజీల్ని 300 డీపీఐ బొమ్మలుగా తీసి గూగుల్ డాక్స్‌లో గానీ, తెలుగు డేటాతో టెసరాక్ట్‌లో గానీ వేయండి. ఓసీఆర్ తప్పులు వేరే జాతి: ప, వ, ష ఒకదానికొకటి మారతాయి, "ము" కాస్తా "వు" అవుతుంది. పదం తప్పయినా పలకడానికి వీలుగానే ఉంటుంది కాబట్టి స్క్రిప్ట్‌కి దొరకవు. మనిషి చదవాల్సిందే.

---

పిక్సెల్ పిచ్చి

2, 3కి నా జవాబు.

లైన్-హైట్ (వరుస ఎత్తు) తక్కువైతే వత్తు తెగదండీ, కింది వరుస మీదికి ఎక్కుతుంది. మాయమైందంటే వేరే ఎవరో కోస్తున్నారు. మీ విషయంలో దొంగ గ్రేడియంట్. బ్యాక్‌గ్రౌండ్-క్లిప్‌ని టెక్స్ట్‌కి పెట్టి అక్షరం రంగుని పారదర్శకం చేస్తారు కదా, ఆ బ్యాక్‌గ్రౌండ్ పెట్టె హద్దుల్లోనే పడుతుంది. లైన్-హైట్ 1.1 ఉంటే "స్త్రీ"లో కింది ర వత్తు పెట్టె దాటి వేలాడుతుంది. అక్కడ రంగు లేదు, అక్షరం పారదర్శకం, కాబట్టి ఖాళీ. శీర్షికకి పైనా కిందా 0.2 ఇఎమ్ ప్యాడింగ్, లైన్-హైట్ 1.45 ఇవ్వండి. ప్యాడింగ్ వల్ల పెరిగిన ఎత్తు ఇబ్బందయితే అంతే నెగటివ్ మార్జిన్‌తో లాగేయండి.

ఇదే కోత ఇంకో రెండు చోట్ల పొంచి ఉంటుంది. ఎత్తు 40 పిక్సెళ్లని బిగించేసిన బటన్లు ఒకటి. ఎత్తు తీసేసి ప్యాడింగ్, మిన్-హైట్ ఇవ్వండి. రెండోది కార్డుల్లో రెండు వరుసల తర్వాత చుక్కలు పెట్టే లైన్-క్లాంప్. అక్కడ ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంటుంది. ప్యాడింగ్ పెడితే మూడో వరుస గుడులు, తలకట్లు కింద తొంగి చూస్తాయి. అక్కడ మందు లైన్-హైట్ ఒక్కటే, 1.6కి తగ్గొద్దు.

వ్యాసం బాడీకి 18 పిక్సెళ్లు, 1.75 పెట్టుకోండి. ఇంగ్లీషు సైట్ల అలవాటుతో 16, 1.5 పెడితే చిన్న ఫోన్లో వత్తు దీర్ఘాలు కలిసిపోతాయి. జస్టిఫై వద్దు. తెలుగు పదాలు పొడుగు, 360 పిక్సెళ్ల తెరలో వరుసకి మూడు నాలుగు పదాలే పడతాయి, జస్టిఫై చేస్తే మధ్యలో కాలవలు పారతాయి. శీర్షికలో మరీ పొడుగు సమాసం తెర దాటితే, విరగాల్సిన చోట డబ్ల్యూబీఆర్ ట్యాగ్ పెట్టండి. సాఫ్ట్ హైఫన్ పెడితే అడ్డగీత కనిపిస్తుంది, డబ్ల్యూబీఆర్‌కి కనిపించదు. లెటర్-స్పేసింగ్ తెలుగుకి సున్నా. థీమ్‌లో ఇంగ్లీషు మెనూల కోసం 0.05 పెట్టి ఉంటారు, అది తెలుగుకీ వారసత్వంగా దిగుతుంది, చూసి తీసేయండి.

ఇక బోల్డ్. మండలికి ఒక్కటే వెయిట్ (అక్షరం మందం), 400. మీరు 700 అడిగితే బ్రౌజర్ అదే గీతని పక్కకి జరిపి రెండుసార్లు పూస్తుంది. ఇంగ్లీషులో ఏదోలా చెల్లుతుంది, తెలుగులో ఠ, థ చుక్కలు, ఘ పొట్టలు పూడుకుపోతాయి. సిలికానాంధ్ర వాళ్ల ద్వారా వచ్చిన చాలా తెలుగు ఫాంట్లది ఇదే పద్ధతి: రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్, మల్లన్న, గురజాడ, పెద్దన అన్నీ ఒకే వెయిట్. శీర్షికలకి చక్కగా ఉంటాయి, బోల్డ్ అవసరమయ్యే బాడీకి కాదు. సీఎస్ఎస్‌లో ఫాంట్-సింథసిస్ నన్ అని మొదటి రోజే రాసేయండి. అప్పుడు వెయిట్ లేని చోట బోల్డ్ అసలు రాదు, తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

బాడీకి నాకు నచ్చేవి రెండు. సాహిత్యం కాబట్టి నోటో సెరిఫ్ తెలుగు, 100 నుంచి 900 దాకా వేరియబుల్. కాస్త ఆధునికంగా కావాలంటే అనేక్ తెలుగు, 100 నుంచి 800, వెడల్పు కూడా మార్చుకోవచ్చు. ఇరుకు మెనూల్లో ఆ వెడల్పు అక్షం చాలా పనికొస్తుంది. హింద్ గుంటూర్ 300 నుంచి 700 దాకా ఐదు వెయిట్లు, ఫారాలకీ పట్టికలకీ బాగుంటుంది. తిరో తెలుగు అందంగా ఉంటుంది, ఇటాలిక్ కూడా ఉంది గానీ బోల్డ్ లేదు. ఇటాలిక్ అన్నాను కాబట్టి ఇంకో మాట: ఇఎమ్ ట్యాగ్‌కి తెలుగులో వాలు తీసేసి రంగో, 600 వెయిటో ఇవ్వండి. వాల్చిన తెలుగు గాలికి పడిపోతున్న పందిరిలా ఉంటుంది.

ఫాంట్ వరసలో ఇంగ్లీషు ఫాంట్ ముందు, తెలుగు తర్వాత. అప్పుడు అంకెలు, బ్రాకెట్లు అన్ని చోట్లా ఒకే తీరుగా వస్తాయి. రెండూ పక్కపక్కన ఒకే సైజులో కనిపించకపోతే ఫాంట్-ఫేస్‌లో సైజ్-అడ్జస్ట్ 105, 110 శాతం వేసి సరిచూడండి. హెచ్‌టీఎంఎల్‌లో లాంగ్ విలువ "టీఈ" ఉందో లేదో చూడండి. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో భాష ఇంగ్లీషుగా వదిలేస్తే స్క్రీన్ రీడర్ తెలుగు పేజీని ఇంగ్లీషు గొంతుతో చదవబోతుంది.

పరీక్షకి "లోరెమ్ ఇప్సమ్" తెలుగు తర్జుమాలు వాడకండి. పై వరుసలో "రాష్ట్ర వైశిష్ట్యం", కింది వరుసలో "శ్రీకీర్తి జ్యోత్స్న" పెట్టండి. వత్తు కిందికి, గుడి దీర్ఘం పైకి. ఆ రెండూ గుద్దుకోకపోతే ఇంకేదీ గుద్దుకోదు.

---

సిరాబుడ్డి

5వ దానికి నా జవాబు. సైట్‌లో అక్షరాలన్నీ బొమ్మలుగా కాక లైవ్ టెక్స్ట్‌గా, అంటే కాపీ చేయగల అక్షరాలుగానే ఉండాలి. దానికి ట్రస్టు పేరు ఒక్కటే మినహాయింపు. ఆ పేరు వరకు అను అక్షరాల్ని ఇలస్ట్రేటర్‌లో అవుట్‌లైన్ చేసి ఎస్‌వీజీగా పెట్టుకోండి, ఏరియా-లేబుల్‌లో (స్క్రీన్ రీడర్ చదివే చోట) పేరు యూనికోడ్‌లో రాయండి. ఫాంట్ లైసెన్స్ అందుకు ఒప్పుకుంటుందో లేదో ఒకసారి చదివి చూసుకోండి. క్లయింట్ "అచ్చం ఇలాగే" అన్నది తొంభై పాళ్లు పైన కనిపించే ఆ పేరు గురించే అయ్యుంటుంది. మిగతా శీర్షికల్ని కూడా బొమ్మలు చేస్తే గూగుల్‌కి కనపడవు, ఫోన్లో పెద్దవి కావు, ఒక అచ్చుతప్పు దిద్దడానికి డిజైనర్ కావాలి.

డిజైనర్‌కి కూడా చెప్పండి: మాకప్‌లో అను బంద్. ఫిగ్మాలో సైట్‌కి వాడబోయే అదే గూగుల్ ఫాంటు, అదే లైన్-హైట్ అంకె. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు చెదురుతుంటే పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేయాలి.

---

చిన్నబండి

గుణింతం గారు, పిక్సెల్ పిచ్చి గారు, సిరాబుడ్డి గారు, చాలా థ్యాంక్స్. గ్రేడియంట్ సరిపోయింది. నోటో సెరిఫ్‌కి మారాం. ఆ "0" వెతుకులాటలో ఒక్క వ్యాసంలోనే 61 దొరికాయి!

కొత్తగా మూడు. హోమ్‌పేజీలో శీర్షిక ఒక్కో అక్షరం ఎగిరి వచ్చే యానిమేషన్ ఉంది, అందులో చుక్కల సున్నాలు వస్తున్నాయి. స్పీడ్ కోసం ఫాంట్‌ని ఒక వెబ్ టూల్‌లో సబ్‌సెట్ చేశాం (వాడని అక్షరాలు తీసేసి చిన్నది చేశాం), అప్పటినుంచి "అమ్మ" కాస్తా "అమ్‌మ" అయింది. విరాళం రసీదు పీడీఎఫ్‌లో దాత పేరు వత్తులన్నీ విడిపోయి వస్తోంది. పీడీఎఫ్ తయారీకి డీఓఎమ్‌పీడీఎఫ్ అనే టూల్ వాడుతున్నాం.

---

గుణింతం

ఈ మూడూ ఒకే జబ్బు. తెలుగులో కోడ్ వేరు, బొమ్మ వేరు. కోడ్‌ని బొమ్మగా మార్చే పని ఫాంట్‌లో ఉన్న జీసబ్, జీపాస్ అనే రెండు పట్టికలు, వాటిని చదివే ఇంజిన్ కలిసి చేస్తాయి. ఒకచోట మీరు కోడ్‌ని ముక్కలు చేశారు, ఒకచోట పట్టికలు పోయాయి, ఒకచోట ఇంజిన్ లేదు.

యానిమేషన్: "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం, లోపల ఆరు కోడ్లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. జావాస్క్రిప్ట్‌లో స్ప్లిట్ చేస్తే ఆరు స్పాన్లు. పొల్లుకి, గుడికి ఒంటరిగా నిలబడే చోటు లేదు కాబట్టి బ్రౌజర్ చుక్కల సున్నా ఇచ్చి కూర్చోబెడుతుంది. జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న ఇంటల్ సెగ్మెంటర్‌తో గ్రాఫీమ్‌లుగా (కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరాలుగా) విడగొట్టొచ్చు గానీ అందులోనూ మెలిక ఉంది. సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదనే నియమం తెలుగుకి యూనికోడ్ 15.1తో వచ్చింది. అంతకుముందు నియమాలతో నడిచే బ్రౌజర్ "స్త్రీ"ని "స్", "త్", "రీ" అని మూడు చేస్తుంది. మీ ఫోన్లో బాగుండి క్లయింట్ పాత ఫోన్లో విడిపోతుంది. పదాలవారీగా ఎగరేయండి. చూడ్డానికీ అదే హాయి, తెలుగు పదం అక్షరం అక్షరంగా రాలితే చదవబుద్ధి కాదు.

ఇదే లెక్క సారాంశాల దగ్గర కూడా గుర్తుంచుకోండి. మొదటి 120 కోడ్లు కోసి చుక్కలు పెట్టే ఫంక్షన్ ఉంటే అది పొల్లు మీదో, పొల్లు ముందో కోస్తుంది. పదాల మధ్య ఖాళీ దగ్గర కోయాలి.

సబ్‌సెట్: ఆ టూల్ జీసబ్‌ని కొట్టేసింది, లేదా కోడ్ లేని వత్తు బొమ్మల్ని "వాడట్లేదు" అనుకుని పారేసింది. ఫాంట్‌టూల్స్‌లో ఉన్న పైఎఫ్‌టీసబ్‌సెట్ వాడండి, లేఅవుట్-ఫీచర్స్‌కి నక్షత్రం గుర్తు ఇవ్వండి. ఉంచాల్సిన కోడ్లు: 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా మొత్తం, 200సి, 200డి, 25సిసి, 0964, 0965. 200సి అనే కనిపించని గుర్తు మర్చిపోతే "ఫేస్‌బుక్", "సాఫ్ట్‌వేర్" లాంటి పదాల దగ్గర తేడా వస్తుంది. ఆ పదాల్లో పొల్లు పొల్లుగా నిలబడేది దాని వల్లే. రూపాయి గుర్తు 20బి9. మీ ఇంగ్లీషు ఫాంట్‌లో అది ఉంటే సరే, లేదంటే ఇందులో ఉంచండి. లేదంటే విరాళాల పేజీలో ధర పక్కన ఇంకెక్కడిదో గుర్తు అతికించినట్టు ఉంటుంది. ఫైలు వోఫ్2గా (వెబ్ కోసం కుదించిన ఫాంట్ ఫైలుగా) పెట్టి, ఫాంట్-ఫేస్‌లో యూనికోడ్-రేంజ్ రాస్తే తెలుగు లేని పేజీలో అది దిగనే దిగదు. నిజానికి గూగుల్ ఫాంట్స్ ఇచ్చే తెలుగు ముక్క ఇలాగే కోసి ఉంటుంది. అది దించుకుని సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఈ శ్రమ కూడా లేదు.

రసీదు: డీఓఎమ్‌పీడీఎఫ్, ఎఫ్‌పీడీఎఫ్ లాంటివి కోడ్‌కి ఒక బొమ్మ చొప్పున పెట్టుకుంటూ పోతాయి, తెలుగు కూర్పు వాటికి రాదు. ఫాంట్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం అదే. ఎమ్‌పీడీఎఫ్ అయితే ఫాంట్ సెట్టింగ్‌లో యూజ్‌ఓటీఎల్ ఆన్ చేస్తే వత్తులు కలుస్తాయి. సర్వర్ మీ చేతిలో ఉంటే తలలేని (తెర లేకుండా నడిచే) క్రోమ్‌తో హెచ్‌టీఎంఎల్‌ని పీడీఎఫ్‌గా తీయడం అన్నిటికంటే నమ్మకం, బ్రౌజర్‌లో ఏది కనిపిస్తే అదే వస్తుంది. చవక షేర్డ్ హోస్టింగ్‌లో క్రోమ్ పెట్టనివ్వరు కాబట్టి అక్కడ ఎమ్‌పీడీఎఫే. వాట్సాప్ ప్రివ్యూ బొమ్మల్ని, 1200 బై 630వి, పీహెచ్‌పీ జీడీతో తయారు చేద్దామనుకుంటే అక్కడా ఇదే గోడ తగులుతుంది. పైథాన్ పిల్లోకి లిబ్‌రాక్మ్ తోడుంటే సరిగ్గా వస్తుంది.

ఇంకోటి, అడగలేదు గానీ: దాతల జాబితా సీఎస్‌వీగా దించి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చిగీతలవుతుంది. డేటా బాగానే ఉంది, ఎక్సెల్‌కి అది యూటీఎఫ్-8 అని తెలియలేదు, అంతే. ఫైలు మొదట్లో బీఓఎమ్ (ఆ సంగతి చెప్పే కనిపించని గుర్తు) రాయండి. ట్రస్టు గుమస్తా ఫోన్లు సగం తగ్గుతాయి.

---

వర్డ్‌ప్రెస్ వడ్రంగి

4వది మిగిలిపోయింది. స్లగ్‌ని (లింకు చివర వ్యాసం పేరుతో వచ్చే ముక్కని) వర్డ్‌ప్రెస్ 200 అక్షరాల దగ్గర కోసేస్తుంది. ఒక్కో తెలుగు కోడ్ యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు, అంటే ఒక కోడ్‌కి 9. 200ని 9తో భాగిస్తే 22 కోడ్లు. వత్తులూ గుణింతాలూ కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి అది పది పన్నెండు అక్షరాల మాట. మూడో పదం మధ్యలో తెగుతున్నది అందుకే. మొదటి మూడు పదాలు ఒకటే అయిన వ్యాసాలకి చివర 2, 3 అంకెలు తగిలించుకుని ఒకేలాంటి లింకులు పుడతాయి కూడా.

స్లగ్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో, మూడు నాలుగు పదాలకి మించకుండా చేత్తో ఇవ్వండి. 140 వ్యాసాలకి ఒక షీట్‌లో రాసుకుంటే గంటన్నర పని. ఆటోమేటిక్ లిప్యంతరీకరణ ప్లగిన్లు దీర్ఘాలు, వత్తులు వాటికి తోచినట్టు రాస్తాయి, మూడు నెలల తర్వాత ఏ స్పెల్లింగ్‌తో ఉందో మీకే గుర్తుండదు. ఇప్పటికే బయటికి పోయిన లింకులుంటే 301 రీడైరెక్ట్ (పాత లింకు నొక్కితే కొత్తదానికి మళ్లించేది) పెట్టండి.

సెర్చ్ గురించి ఒక ముక్క. వర్డ్‌ప్రెస్ సెర్చ్ అక్షరాల వరస యథాతథంగా వెతుకుతుంది. "పుస్తకం" అని కొడితే "పుస్తకాలు" రాదు. పదం చివర సున్న ఉంటే తీసేసి వెతికేలా చిన్న ఫిల్టర్ రాయండి, సగం సమస్య తీరుతుంది. వ్యాసంలో 200సి ఉండి, వెతికేవాళ్లు కొట్టినదాంట్లో లేకపోయినా దొరకదు. వెతుకులాటకని వేరే ఫీల్డ్‌లో 200సి తీసేసిన ప్రతి ఒకటి దాచుకోండి, అడిగిన పదంలోంచి కూడా తీసేసి అందులో వెతకండి.

---

కొటేషన్ కనకారావు

అందరూ ఎలా చేయాలో చెప్పారు. ఈ పని కొటేషన్‌లో ఎక్కడుంది? "కంటెంట్ క్లయింట్ ఇస్తారు" అని ఒక్క వాక్యం రాసి ఉంటే మీరు మునిగినట్టే. వాళ్ల దృష్టిలో పేజ్‌మేకర్ సీడీ ఇవ్వడమే కంటెంట్ ఇవ్వడం.

లెక్క చూడండి. 140 వ్యాసాలు, 1,200 పదాలు, మొత్తం 1,68,000 పదాలు. అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని పోల్చి చదివే మనిషికి గంటకి 1,500 పదాలు మంచి వేగం. అంటే 112 గంటలు. రోజుకి ఐదు గంటలు మించి ప్రూఫ్ చదివితే కళ్లు తప్పుల్ని దాటేస్తాయి కాబట్టి 22, 23 పనిదినాలు. ఒక మనిషికి నెల రోజుల పని. సైటు తయారీ కంటే ఇదే పెద్దది. పీడీఎఫ్ నుంచి ఓసీఆర్ చేసిన పాతిక వ్యాసాల దగ్గర వేగం ఇందులో సగమే అనుకోండి.

కొటేషన్‌లో మూడు వరుసలు విడిగా రాయండి: కన్వర్షన్ ప్లస్ యంత్రపు శుద్ధి, మొదటి ప్రూఫ్, సైట్‌లో ఎక్కించడం. రేటు పేజీకి వద్దు, వెయ్యి పదాలకి పెట్టండి. పేజ్‌మేకర్ పేజీలో ఒకచోట 300 పదాలుంటాయి, ఇంకోచోట 900. పదాల లెక్క కన్వర్ట్ అయ్యాకే తీయాలి. రేటు చెప్పేముందు వేరువేరు సంవత్సరాల నుంచి మూడు వ్యాసాలు తీసి చివరిదాకా చేసి చూసుకోండి. పాత సంచికలు కొత్తవాటికి రెట్టింపు సమయం తింటాయి.

రెండో ప్రూఫ్ ట్రస్టుదే. వాళ్లలో ఒక్కరి పేరు రాయించుకోండి, కమిటీకి పంపొద్దు. ఏ4 మీద 14 పాయింట్లలో ప్రింట్ తీసి ఇవ్వండి. సాహిత్యం వాళ్లు తెర మీద చదవరు, చదివినా తప్పులు ఫోన్లో చెబుతారు. కాగితం మీద దిద్ది, ప్రతి వ్యాసం చివర సంతకం. సంతకం పడ్డాక వచ్చే మార్పులకి గంటల లెక్కన వేరే బిల్లు అని ముందే రాయండి. "ఈ వాక్యం ఇప్పుడు ఇంకోలా రాయాలనిపిస్తోంది" అనే రచయితలు తప్పకుండా తగులుతారు.

140 పూర్తయ్యేదాకా సైటు ఆపకండి. 20 వ్యాసాలు శుభ్రంగా ఉన్నప్పుడు తెరిచేసి, వారానికి పదో పన్నెండో చేర్చుకుంటూ పొండి. బిల్లు కూడా అలాగే విడతలుగా, ప్రతి 20 వ్యాసాల సంతకాలకి ఒకటి.

---

చిన్నబండి

కనకారావు గారు, మా కొటేషన్‌లో ఉన్నది సరిగ్గా ఆ ఒక్క వాక్యమే. రేపు ట్రస్టు వాళ్లతో మీటింగ్ ఉంది. మూడు నమూనా వ్యాసాలు, పాతవి రెండు, కొత్తది ఒకటి, గంటల లెక్కతో సహా ప్రింట్ తీసుకుని వెళ్తున్నాం. ఎమ్‌పీడీఎఫ్‌తో రసీదు బాగా వచ్చింది. యానిమేషన్ పదాలవారీగా మార్చాం.

---

గుణింతం

నమూనాలో వలపలగిలక ఉన్న పేజీ ఒకటి తప్పకుండా పెట్టండి. మూలంలో ఎలా ఉంది, కన్వర్టర్ ఏం ఇచ్చింది, దిద్దాక ఎలా ఉంది, మూడూ పక్కపక్కన. గంటల లెక్క చూసి ముఖం చిట్లించినా ఆ పేజీ చూశాక బేరం ఆడరు.